పొన్ననూనె రంగు

ఫిబ్రవరి 6

ఒసేయ్ చిచ్చుబుడ్డీ,

ఎలా ఉన్నావని అడగను. కొంపలు ముంచి కూర్చున్నవాళ్ళు బాగానే ఉంటారు.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. అప్పుడు గానుగ షెడ్డు నిండా జనం. దర్జీ, దర్జీ పెళ్ళాం, మడమల పగుళ్ళకి నూనె కోసం వచ్చిన ముగ్గురు ఆడవాళ్ళు. మీ నాన్న కవరు చింపి "మా అమ్మాయి పెద్ద ల్యాబు నుంచి అక్క నూనె గురించి రాసింది, వినండి" అని మొదలుపెట్టాడు. ముప్ఫై ఏళ్ళు ఆ మోటారు పక్కన కూర్చుని నా చెవులు పోయాయి కదా, నాకు వినపడాలని వాడు గొంతు చించుకుని చదివాడు. "అత్త పంపిన పొన్ననూనెకి క్రిముల్ని చంపే గుణం ఏమాత్రం కనబడలేదు." సైకిల్ షాపు దాకా వినపడింది. చదివినవాడే నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ఒకావిడ సంచిలోంచి సీసా తీసి, చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయింది. నాకు తల తీసేసినట్టయింది.

నూనె పంపమని నా ప్రాణం తీసింది ఎవరే? "అత్తా, మన పొన్నకాయలో ఏముందో నేను తేలుస్తా" అన్నదెవరు? పచ్చి గింజ పిండితే చుక్క రాదు, నీడలో రెండు నెలలు ఎండాలి, పప్పు ఎర్రబడి చేతికి జిడ్డు అంటాలి అని నీకు నేర్పింది ఏ ప్రొఫెసరు? మోకాళ్ళు చీరుకుని ఏడుస్తూ వస్తే నీకు రాసింది ఏ నూనె? తేల్చావులే. బాగా తేల్చావు.

ఇంకో సంగతి. మీ నాన్న కుడికాలి చిటికెనవేలు పక్కన చెప్పు కరిచి పుండు పడింది. నెలవుతోంది. ఫోన్లో నీకు చెప్పి ఉండడు. రోజూ నేనే కడిగి, నూనె రాసి కడుతున్నాను. నిన్న సాయంత్రం గుడ్డ పట్టుకుని వెళితే "ఇవాళ వద్దులే అక్కా" అన్నాడు. నా చేతి నూనె వద్దన్నాడు, నా తమ్ముడు.

ఇట్లు,
ఇంకా నీ అత్తనే అనుకుంటున్న నేను

*

ఫిబ్రవరి 11

అత్తా,

నీ కోపం తర్వాత చూసుకుందాం. నాన్నకి షుగర్ ఉందని నీకు తెలుసా, తెలీదా? షుగర్ ఉన్నవాడి కాలికి నెలరోజులు పుండు ఉంటే ఇంట్లో గుడ్డ చుట్టుకుని కూర్చుంటారా? ప్రతి ఆదివారం ఫోన్లో "బ్రహ్మాండంగా ఉన్నా" అంటాడు. వెనకాల నీ మోటారు మోత. ఆ మోతలో అబద్ధం కూడా నిజంలాగే వినిపిస్తుంది కాబోలు! రేపు పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్ళు. రేపంటే రేపే.

ఇక నూనె. నేను ఉన్నదే రాశాను. గాజు పళ్ళెంలో క్రిముల్ని పెంచి, మధ్యలో నీ నూనె చుక్క వేసి, ఒక రోజు వెచ్చటి పెట్టెలో ఉంచి చూశాం. క్రిములు చుక్క అంచుదాకా ఎక్కి కూర్చున్నాయి. మూడు రకాల మీద, మూడేసి సార్లు చేశాం. మా పెద్దసారు నవ్వి "మీ అత్తగారిది వంటనూనె కాదు కదమ్మా" అన్నారు. నాకు మాత్రం పరువు లేదా? ఈ పొన్నకాయ పని మొదలుపెట్టించింది నేను. రెండేళ్ళు బతిమాలి ఒప్పించాను.

అయినా నాకో అనుమానం. పొన్ననూనె అంటే పసరు రంగులో, చిక్కగా, బంకబంకగా ఉండాలి. నువ్వు పంపింది పల్చగా, పసుపుపచ్చగా, మొహం కనపడేంత తేటగా ఉంది. దాంట్లో ఆమ్లం ఎంతుందో కొలిచాం. చాలా ఎక్కువ రావాలి, దాదాపు లేదు. ఆ బంక కూడా లేదు. అసలు ఏం చేశావు దాన్ని? ఏమైనా కలిపావా? నిజం చెప్పు.

నీ కోడలు

*

ఫిబ్రవరి 17

అమ్మగారికి,

కలిపావా అని అడిగావు. నలభై ఏళ్ళలో ఆ మాట నా మొహం మీద అన్న మొదటి మనిషివి నువ్వు. అది కూడా నా చేత్తో పాలు తాగినదానివి. కల్తీ చేసేదాన్నయితే ఈ షెడ్డు రేకులు ఇంకా కారుతూ ఉంటాయా? నేను పంపింది నా జన్మలో తీసిన అన్నిటికంటే మంచి నూనె. నాలుగు రోజులు దాని మీదే పడి ఉన్నాను. ఇంతకంటే ఒక్క ముక్క చెప్పను.

మీ నాన్నని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పుండు గీకి కడిగారు, మాత్రలిచ్చారు, రోజు విడిచి రోజు కట్టు మార్పించుకోమన్నారు. మూడుసార్లు వెళ్ళాం. కట్లు కట్టే గది వరండా చివర. మీ అమ్మ పోయిన వార్డు ముందు నుంచే నడవాలి. అక్కడికి రాగానే వాడు నా చెయ్యి పట్టుకుంటాడు. అరవై ఏళ్ళవాడు! మొన్న ఆ తలుపు దగ్గర ఆగిపోయి "ఇంటికి పోదాం అక్కా" అన్నాడు. నాలుగు అంటించి లాక్కెళ్ళాను.

షెడ్డుకి ఎవరూ రావడంలేదు. కాయలు పరిచిన అరల ముందు ఒక్కదాన్నే కూర్చుంటున్నాను. నీకు సంతోషమేగా.

కల్తీ మనిషి

*

మార్చి 2

అత్తా,

దొరికిపోయావు.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు పగుళ్ళకని ఒక సీసా ఇచ్చావు, గుర్తుందా? మంచం కింద పెట్టెలో దొరికింది. మూత తియ్యగానే నీ షెడ్డు వాసన. పసరు రంగు, బంక, అన్నీ ఉన్నాయి. అదే పళ్ళెం, అవే క్రిములు, అదే చుక్క. మర్నాడు చూస్తే చుక్క చుట్టూ కోటు గుండీ అంత మేర ఒక్క క్రిమి లేదు! చర్మం మీద చీము పట్టించే రకం ఒకటి, దాని చుట్టం ఇంకొకటి, రెండూ తోక ముడిచాయి. పెద్దసారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

ఆ తర్వాత నువ్వు పంపిన సీసాలో నీళ్ళు పోసి ఊపాను. నురగ! సబ్బు నురగ! బట్టల సోడా నీళ్ళతో కడిగావు కదూ? సోడా పోస్తే ఆమ్లం సబ్బయిపోయి, ఆ బంకని వెంటపెట్టుకుని నీళ్ళతో పోతుంది అత్తా. క్రిముల్ని చంపేదంతా ఆ బంకలోనే ఉంది. నలభై ఏళ్ళు ఊరికి ఇచ్చిన మందుని కాలవలో పారబోసి, నాకు ఒట్టి జిడ్డు పంపావు. పైగా నా మీద ఎగురుతావా? నీకూ నాకూ పరువు తీసింది నువ్వే! ఒళ్ళు మండిపోతోంది, అయినా నవ్వొస్తోంది. నీ నూనె మంచిది. రాసి ఇస్తున్నాను, ఎవరికి కావాలంటే వాళ్ళకి చూపించు.

కాగితం అయిపోయింది. వెనక్కి తిప్పు.

ఇది ముఖ్యం, పైదానికంటే ముఖ్యం. మూడో రకం క్రిమి ఉంది. పచ్చటి చీము పట్టించేది. దానికి నీ నూనె అంటే లెక్కే లేదు, చుక్క మీదే ఎక్కి కూర్చుంది. షుగర్ వాళ్ళ కాలి పుళ్ళలో తరచుగా చేరేది అదే. పళ్ళెం వేరు, కాలు వేరు. నాన్న పుండుకి నూనె రాయొద్దు. ఆసుపత్రి ఒక్కరోజు కూడా మానొద్దు. గుడ్డ మీద పచ్చగా కనిపించినా, తియ్యటి వాసన వచ్చినా, జ్వరం తగిలినా ఆ గంటలోనే తీసుకెళ్ళు. కోపంలో ఈ పేజీ చదవకుండా వదిలెయ్యకు.

నీ చిచ్చుబుడ్డి

*

మార్చి 13

ఒసేయ్ నా తల్లీ,

అవునే, కడిగాను! సోడా నీళ్ళతో మూడుసార్లు కడిగి, గుడ్డలో వడకట్టి, ఎండలో పెట్టి తేర్చాను. నిన్ను మొదటిసారి బడికి పంపినప్పుడు తల దువ్వకుండా పంపానా? తెల్లకోట్లవాళ్ళు సీసా పట్టుకుని "ఇదేం నలుపు, ఇదేం కంపు, మీవాళ్ళు ఇదేనా చేసేది" అని నీ మొహాన అంటే? అందుకే కడిగాను. పాడు బుద్ధి. నా మందుని నేనే పారబోసుకున్నానని నెలరోజులకి తెలిసింది. చెంపలు వాయించుకున్నాను. నువ్వు మాత్రం తక్కువదానివా? కలిపావా అని కాకుండా కడిగావా అని అడిగితే నీ సొమ్మేం పోయేది!

నీ ఉత్తరం కూడా మీ నాన్నే చదివాడు. నా కళ్ళద్దాలకి జిడ్డు పట్టి ఏమీ కనబడలేదు. వాడు షెడ్డు గుమ్మంలో నిలబడి, వీధిలోవాళ్ళని పిలిచి మరీ చదివాడు. "నీ నూనె మంచిది, రాసి ఇస్తున్నాను" అన్నచోట రెండుసార్లు చదివాడు. సీసా వెనక్కిచ్చినావిడ తల వంచుకుంది. వాడే పిండి ఉడికించి జిగురు చేసి, తలుపు పక్క గోడకి అంటించాడు. వచ్చినవాళ్ళందరూ అది చదివాకే లోపలికొస్తున్నారు. అయినా అంత పెద్ద సంగతికి ఒక్క పేజీయేనా, పిసినారిదానా? నాన్న ఎలా ఉన్నాడని ఒక్క ముక్క రాయడానికి చేతులు రాలేదా?

నువ్వు అడక్కపోయినా చెబుతాను. ఆ రోజు నుంచి ఆసుపత్రి మానేశాడు. "అమ్మాయే చెప్పాక ఇంకా ఆ వరండాలో ఎందుకు" అన్నాడు. నాకూ నిజమేననిపించింది. పూటకోసారి నేనే రాసి కడుతున్నాను. నూనె బాగా పడుతోంది, కట్టు విప్పితే గుడ్డంతా పచ్చగా ఉంటోంది. మొన్నటి నుంచి కాస్త ఒళ్ళు వెచ్చబడింది, నొప్పి మాత్రం లేదంటున్నాడు. ఎండలు కదా.

గర్వంతో కళ్ళు నెత్తికెక్కిన,
మీ అత్త

*

మార్చి 17

అత్తా,

ఆ పచ్చ నూనెది కాదు. చీము. అది చీము!

నీ ఉత్తరం చదవగానే నాన్నకి ఫోన్ చేశాను, తియ్యలేదు. దర్జీకి చేశాను. "వెంటనే వెళ్ళి మా నాన్నని ఆటోలో వేసి ఆసుపత్రికి తీసుకెళ్ళండి, అత్త అడ్డుపడితే ఆవిడని కూడా వెయ్యండి" అని చెప్పాను. ఈ ఉత్తరం చేరేసరికి ఏమై ఉంటుందో నాకు తెలీదు. అయినా రాస్తున్నాను, నీకు అరిచి చెప్పే దారి ఇంకోటి లేదు కాబట్టి.

వెనక పేజీ ఎందుకు చదవలేదు? "వెనక్కి తిప్పు" అని రాశాను. అంతా అక్కడే ఉంది. నూనె రాయొద్దనీ, పచ్చగా కనబడితే గంటలో తీసుకెళ్ళమనీ, జ్వరం సంగతీ, అన్నీ. దాన్ని గోడకేసి అంటించి పైన నీ పొగడ్తలు ఊరికి చూపించుకున్నావు. పొగిడిన వైపు సరిపోయింది నీకు! కళ్ళద్దాలు తుడుచుకోవడానికి రెండు నిమిషాలు పట్టదు అత్తా. నలభై ఏళ్ళు ఆ నూనె రంగు చూసినదానివి, చీము వాసన తెలియలేదా?

నాన్న కాలికి ఏమైనా అయితే నీ మొహం చూడను. కోపంలో అంటున్న మాట కాదిది.

*

మార్చి 21

అమ్మడూ,

ఇవాళ పొద్దున చిటికెనవేలు, పక్కవేలు, వాటి కింద పాదం అంచు తీసేశారు. మోకాలి దాకా పోవలసింది, దర్జీ తీసుకొచ్చాడు కాబట్టి ఇంతటితో ఆగింది అన్నాడు డాక్టరు. ఒకరోజు ముందొస్తే వేళ్ళు కూడా దక్కేవేమో అన్నాడు. మెలకువ వచ్చింది. మంచినీళ్ళు అడిగాడు.

నీ ఉత్తరం నిన్ననే అందింది. ఇంటికి పోయి, గోడ మీద నీళ్ళు కొట్టి, కాగితం ఊడదీసి వెనక్కి తిప్పి చదివాను. నువ్వు అన్నీ రాశావు.

అవును, వెనక పేజీ చూడలేదు. నాదే తప్పు. ఇంక నన్నేమీ అడక్కు.

*

మార్చి 24

అత్తకి,

రెండో తారీఖు నుంచి సెలవు దొరికింది. మూడున దిగుతాను. నాన్నకి కావలసినవన్నీ నేనే చూసుకుంటాను. ఆసుపత్రి ఎదురుగా గది మాట్లాడాను. మీ ఇంట్లో దిగను.

నాన్న ఫోన్లో "అక్కని ఏమీ అనకు" అన్నాడు. వేళ్ళు పోయినా ఆయన బాధ నీ గురించే. తప్పు నాదే అని ఒక్క ముక్క రాసేసి కూర్చుంటే అయిపోతుందా? నీ నూనె పరువు దక్కింది. మా నాన్న కుంటివాడయ్యాడు. నేను వచ్చినప్పుడు నువ్వు నాన్న వార్డులో ఉండొద్దు.

*

మార్చి 28

చిచ్చుబుడ్డీ,

కూర్చుని చదువు. రెండు వైపులా రాస్తున్నాను, రెండు వైపులా చదువు.

మీ నాన్న చెప్పొద్దన్నాడు. ఒట్టు పెట్టించుకోబోయాడు, నేను పెట్టలేదు. వారం రోజులు నోరు కట్టుకుని ఉన్నాను. నీ ఉత్తరం వచ్చాక ఇంక నావల్ల కాదు. అంత మంచితనం నాలో లేదు.

ఆ రోజు కాగితం ఊడదీసినప్పుడు ముందు వైపు కూడా చూశాను, ఈసారి కళ్ళద్దాలు తుడుచుకుని. కింద చివర నువ్వు "వెనక్కి తిప్పు" అని రాశావు చూడు, ఆ మాట నీలం సిరాతో కొట్టేసి ఉంది. ఒక్క గీత కాదు, అక్షరం కనబడకుండా అడ్డంగా నిలువుగా రుద్దేసి ఉంది. నా దగ్గర నీలం పెన్ను లేదు. మీ నాన్న జేబులో ఉంది.

నువ్వు నమ్మలేవు కదూ? నేనూ నమ్మలేదు. ఆపరేషనయిన సాయంత్రం మత్తు వదిలాక ఆ కాగితం వాడి మొహం మీద పెట్టాను. గోడకేసి తిరిగి చెప్పాడు. జనానికి చదివి వినిపించాక లోపలికెళ్ళి వెనక వైపు చదువుకున్నాడట. చదివి, కొట్టేసి, తర్వాత జిగురు ఉడికించాడట. "ఎందుకురా?" అన్నాను. "ఆ వార్డు ముందు నుంచి ఇంకోసారి నడవలేను అక్కా" అన్నాడు. "పైగా నెలరోజులకి నీ మొహం కాస్త వెలిగింది. దాన్ని మళ్ళీ నేనే ఆర్పాలా?" అన్నాడు.

నా మొహం వెలగడానికి వీడు కాలు ఇచ్చాడట! ఎవడడిగాడే వీడిని? ఎంత అరిచానంటే పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు, నర్సు వచ్చి నన్ను బయటికి తోసింది. బయట బల్ల మీద కూర్చుని తిడుతూనే ఉన్నాను. తిట్లు అయిపోయాక ఏడ్చాను. మళ్ళీ లోపలికి వెళితే వాడన్నదేమిటో తెలుసా? "అమ్మాయికి నువ్వే చూడలేదని చెప్పు అక్కా. నిన్నయితే నాలుగు రోజులు తిట్టి మర్చిపోతుంది. నేనని తెలిస్తే తట్టుకోలేదు" అన్నాడు. చిన్నప్పటి నుంచి వీడు పగలగొట్టినవన్నీ నేనే పగలగొట్టానని చెప్పాను. దెబ్బలు తిన్నాను. ఇది కూడా నా మీద వేసుకుందామనుకునే ఆ రోజు నీకు అలా రాశాను. నువ్వు నన్ను వార్డులో ఉండొద్దన్నాక నా వల్ల కాలేదు. ఆ కాగితం మీద రుద్దింది వాడు. తెలిసే రుద్దాడు. అది నీకు తెలియాలి.

కానీ పచ్చగుడ్డ మాత్రం నాదే. దానికి వాడిని అనను. పన్నెండు రోజులు నా చేతులతో విప్పి కట్టాను. మూడో రోజు నుంచే వాసన తేడాగా వచ్చింది. పొన్ననూనె వాసన కాదది, నాకు తెలుసు. ఎండలకి అలా వస్తోందని నాకు నేనే చెప్పుకున్నాను. గోడ మీద నీ కాగితం ఉండగా నా నూనెని నేనెలా అనుమానించేది? అందుకని ముక్కు మూసుకున్నాను. దీనికి నువ్వు ఎన్ని తిట్టినా పడతాను.

ఇప్పుడు పుళ్ళకని ఎవరొచ్చినా ముందు షుగర్ ఉందా అని అడుగుతున్నాను. ఉందంటే నూనె ఇవ్వడంలేదు. నిన్న ఒకాయన గొడవ పడ్డాడు, సీసా లాక్కుందామని చూశాడు. మా తమ్ముడి కాలు చూసి రమ్మని పంపాను.

ఇక నువ్వు వచ్చే సంగతి. ఎదురుగదిలో దిగుతావో, చెట్టెక్కి పడుకుంటావో నీ ఇష్టం. నేను మాత్రం వార్డులోనే ఉంటాను, వాడిని వదిలి ఎక్కడికీ పోను. నువ్వు రాగానే ముందు వాడిని తిట్టు. చిక్కిపోయాడనీ, తెల్లగా పాలిపోయాడనీ జాలి పడకు, కడుపు నిండా తిట్టు. నా చేత తిట్టించుకోవడం వాడికి అలవాటే, నీ చేత ఎప్పుడూ పడలేదు.

కట్టు మార్చడం ఇంట్లోవాళ్ళు నేర్చుకోవాలని నర్సు అంది. నిన్న నా ముందే విప్పింది. ఊరందరి పుళ్ళూ కడిగినదాన్ని, ఆ పాదం బయటపడేసరికి కళ్ళు మూసుకున్నాను. ఇవాళ కూడా మూసుకున్నాను. నువ్వు వచ్చి ముందు నేర్చుకో. ఆ తర్వాత నాకు నేర్పు. నువ్వు పక్కన ఉంటే కళ్ళు తెరిచి చూస్తాను.

మీ అత్త